యార్క్‌లో బీ అండ్ బీ: అమ్మానాన్నలతో ఎక్కడ దిగితే మంచిది?

కృష్ణలంక కుర్రాడు
మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు, ఇంగ్లండ్‌లోని యార్క్ ఊరు చూపించాలని ఉంది. హోటల్ వద్దు, ఇంటివాళ్లే గదీ, పొద్దున టిఫినూ ఇచ్చే బీ అండ్ బీ అయితే బాగుంటుందని మా ఆవిడ మాట. నాన్నకు మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. కారులో వస్తాం. మిన్‌స్టర్‌కు, అంటే అక్కడి పెద్ద చర్చికి, నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. బూథమ్ వైపు నయమా, బిషప్‌థార్ప్ రోడ్డు వైపా? కారు ఎక్కడ పెట్టుకోవాలి?

టీస్ ఒడ్డున
ముందు అమ్మగారి టిఫిను సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. శాకాహారం అని రాస్తే సరిపోదు. ఇక్కడి వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. మా అత్తగారికి దోరగా వేయించిన సాసేజ్ పెట్టి, శాకాహారమేనని నవ్వుతూ చెప్పారు. అది క్వార్న్ సాసేజ్, మాంసానికి బదులు ఒక రకం శిలీంధ్రంతో చేసేది. నాకు అనుమానం వచ్చి వంటింట్లోంచి పొట్లం తెప్పించి వెనక చదివితే గుడ్డు తెల్లసొన అని ఉంది. అప్పటికే ఆవిడ సగం తినేశారు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. పెట్టినావిడతో మాత్రం భేషుగ్గా మాట్లాడారు!

ఆవకాయ సీసా
ఈ బాధలన్నీ ఎందుకు? నేను ఎక్కడికి వెళ్లినా చిన్న రైస్ కుక్కర్ తీసుకువెళ్తాను. కిటికీ తెరిచి, స్నానాల గదిలో ఫ్యాను వేస్తే పావుగంటలో అన్నం తయారు. పెరుగు బయట కొంటాం, ఆవకాయ మన దగ్గర ఉండనే ఉంది. ఇంటావిడకు తెలియనే తెలియదు.

నైట్ డ్యూటీ నర్సు
తెలియకేం, బాగానే తెలుస్తుంది. పోయిన ఏడాది మేము దిగిన చోట నా పేరు చూడగానే గుమ్మంలోనే ఒక కాగితం చేతిలో పెట్టారు, గదిలో వంట చేయరాదని. మా ముందు నిలబడిన జర్మన్ దంపతులకు ఇవ్వలేదు. ఆ కాగితం మీలాంటి వాళ్లు చేసి వెళ్లిన పుణ్యమే.

ఆవకాయ సీసా
ఆ కాగితం సంగతి ఇచ్చినవాళ్లను అడగాలమ్మా, నన్ను కాదు. పొద్దున్నే పంది మాంసం వేయించిన పొగ పై అంతస్తు దాకా వస్తే అది సంప్రదాయం, మనం గుప్పెడు బియ్యం ఉడికిస్తే నేరం. పక్క పళ్లెంలో పంది నెత్తురుతో చేసిన నల్లటి బిళ్ల కనిపిస్తుంటే మా నాన్న టీ కూడా తాగలేకపోయారు. ఆయన రోజంతా పస్తుండాలా?

విట్బీ పెద్దాయన
ఏళ్ల తరబడి సముద్రం ఒడ్డున విట్బీలో బీ అండ్ బీ నడిపి అమ్మేసినవాణ్ణి. ఊహాగానాలు కట్టిపెట్టి వినండి. ఇది రుచుల గొడవ కాదు, నిప్పు గొడవ. 2005 నాటి అగ్ని భద్రతా నిబంధనలు రెండు గదుల బీ అండ్ బీకి కూడా వర్తిస్తాయి. 2023 అక్టోబరు నుంచి ప్రమాద అంచనాను రాసి పెట్టుకోవడం కూడా తప్పనిసరి. మీ కుక్కర్ ఆవిరికి అలారం మోగితే ఇంట్లో ఉన్నవాళ్లంతా నైట్ డ్రెస్సుల్లో వీధిలో నిలబడాలి. ఏదైనా అంటుకుంటే బీమా కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుని చెల్లింపు ఎగ్గొడుతుంది.

గుడ్డు విషయానికి వస్తే, ఈ దేశంలో అడిగినవారికి చెప్పి తీరవలసిన అలర్జీ పదార్థాలు 14. అందులో గుడ్డు ఒకటి. కాబట్టి మొహమాటం వద్దు. బుక్ చేసిన రోజే "గుడ్డు వద్దు, పాలు, వెన్న పరవాలేదు" అని విడమరచి రాయండి. వీగన్ అని రాస్తే పాలు కూడా తీసేసి టీలో ఓట్స్ గింజల పాలు పోస్తారు. అసలు అడగవలసింది పెనం గురించి. బ్రెడ్డును బేకన్ (పంది మాంసం) కొవ్వులోనే వేయించడం పాత అలవాటు. పుట్టగొడుగులు, టమాటాలు కూడా ఒక్కోసారి అదే పెనం మీద పడతాయి. నేనైతే వేరే పెనం పెట్టేవాణ్ణి. అందరూ పెట్టరు.

టీస్ ఒడ్డున
పెనం సంగతి ఇప్పుడు చెబుతున్నారా పెద్దాయనా! మా అత్తగారు ఈ చర్చ చదవకుండా చూసుకోవాలి.

రైలు పిచ్చోడు
ఎంతసేపూ తిండేనా? స్టేషన్ పక్కనే నేషనల్ రైల్వే మ్యూజియం, ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్ల వేగంతో పరుగెత్తిన మాలార్డ్ ఇంజను ఉన్నది అక్కడే. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. కారు ఇంట్లో పెట్టి రైల్లో వెళ్లండి, ఆ ప్రశ్నే ఉండదు.

పాత ఇళ్ల ప్రేమి
నాన్నగారి మోకాళ్ల గురించి ఒక్కరైనా మాట్లాడారా? బూథమ్ చుట్టుపక్కల బీ అండ్ బీలు చాలావరకు మూడు, నాలుగు అంతస్తుల పాత ఇళ్లు. లిఫ్టు ఉండదు. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ఇంటికి లిఫ్టు పెట్టాలన్నా, కిటికీలు మార్చాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. ఫొటోలో మిన్‌స్టర్ శిఖరాలు కనిపిస్తున్నాయని ముచ్చటపడి అటక గది తీసుకోకండి. పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి, చివరి మలుపులో సూట్‌కేసును ముందు నెట్టి వెనక మనం ఎక్కాలి. కింది అంతస్తు గది ఉందా అని అడగండి. కొన్ని చోట్ల పెరట్లోని పాత గుర్రపుశాలను గదులుగా మార్చారు, పెద్దవాళ్లకు అవే హాయి. స్నానాల గదిలో షవర్ విడిగా ఉందో, టబ్బులోనే ఉందో కూడా కనుక్కోండి. టబ్బు అంచు దాటి కాలు పెట్టడం మెట్లెక్కడం కన్నా కష్టం.

మిన్‌స్టర్ మధ్య గోపురానికి 275 మెట్లు, దాని జోలికి పోవద్దు. 1408లో పూర్తయిన తూర్పు కిటికీ రంగుటద్దాలు నేల మీద నిలబడే చూడవచ్చు.

ఆవకాయ సీసా
దేవుడి ఇంట్లోకి టికెట్ కొని వెళ్లాలా? నేను బయటి నుంచే దండం పెట్టి వచ్చాను.

పాత ఇళ్ల ప్రేమి
తిరుమలలో మీరు ప్రత్యేక దర్శనం టికెట్ కొననట్టు! సాయంత్రం ప్రార్థనకు వెళ్తే రుసుము లేదు. గాయక బృందం పాడుతుంటే ఆ రాతి కప్పు కింద కూర్చోవడం వేరు. కానీ ప్రార్థన అని వెళ్లి ఫోన్లు పైకెత్తకండి.

నైట్ డ్యూటీ నర్సు
తమ్ముడూ, మే మధ్యలో అయితే జాగ్రత్త. డాంటే గుర్రప్పందేలు మూడు రోజులు జరుగుతాయి. మైదానం బిషప్‌థార్ప్ రోడ్డు వైపే. ఆ రోజుల్లో గది ధర ఆకాశంలో ఉంటుంది, రాత్రి వీధిలో పాటలు ఉచితం. నదికి ఆనుకుని ఉన్న ఇల్లు కూడా నేను తీసుకోను. 2015 డిసెంబరులో ఆ ఊరు ఎలా మునిగిందో టీవీలో చూశాం కదా.

విట్బీ పెద్దాయన
అప్పుడు ఎక్కువ గోల ఫాస్ అనే చిన్న నది వైపు. ఫాస్ వెళ్లి పెద్ద నది ఊస్‌లో కలిసే చోట అడ్డుగేటు ఉంది. పంపుల గదిలోకి నీళ్లు రావడంతో గేటు ఎత్తేయవలసి వచ్చింది. మే నెలలో వరద గురించి భయపెట్టడం...

నైట్ డ్యూటీ నర్సు
భయపెట్టలేదండీ. నాకు నది పక్కన నిద్ర పట్టదు, అంతే. అన్నీ మీకే తెలుసుననుకోవద్దు.

నిర్వాహకుడు
కుక్కర్ గురించి వచ్చిన మరో ఏడు వ్యాఖ్యలు తొలగించాను. వ్యక్తిగత దూషణలు వద్దు.

కృష్ణలంక కుర్రాడు
బూథమ్ దగ్గర ఒకావిడకు రాశాను. కింద గది ఉందట, వేరే పెనం కూడా ఉందట. కానీ నేనడిగిన తేదీలకు కనీసం మూడు రాత్రులు తీసుకోవాలంటున్నారు.

విట్బీ పెద్దాయన
పందేల వారం కదా, ఆ షరతు మామూలే. తర్వాతి వారంలో సోమవారం నుంచి గురువారం లోపు అడిగి చూడండి. వెబ్‌సైట్‌లో నొక్కకుండా నేరుగా ఫోన్ చేయండి. ఆవిడకు కమిషన్ మిగులుతుంది, మీకు కొంత తగ్గించవచ్చు.

ఆవకాయ సీసా
ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పెట్టుకోనిస్తారేమో కూడా అడుగు తమ్ముడూ.