అప్‌డేట్: డబ్బు కట్టి రీసెర్చ్ పేపర్ వేయించాలా అని అడిగాను కదా

న్యూజెర్సీలో చదువుతున్న మా అమ్మాయికి కాలేజీ అడ్మిషన్‌లో పనికొచ్చేలా పేపర్ పబ్లిష్ చేయిస్తామన్న సంస్థకు వేల డాలర్లు కట్టాలా అని అప్పట్లో అడిగాను. కట్టలేదు. మీరు చెప్పాకే తెలిసింది, ఆర్‌ఎస్‌ఐ (హైస్కూల్ పిల్లలకి వేసవిలో రీసెర్చ్ నేర్పే ప్రోగ్రామ్) లాంటి గట్టి పోటీ ఉన్నదానికి సెలెక్ట్ అయితే, చేరడానికి అసలు ఫీజే ఉండదని!

ఇంటి దగ్గర వాగు నీళ్లలో నైట్రేట్ ఎంతుందో తనే కొలిచింది. వాన పడిన మర్నాడు ఎందుకు పెరిగిందని నోట్‌బుక్ నిండా ప్రశ్నలే. ఓ కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్ గారు ఓపిగ్గా దారి చూపించారు.

కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే ఫారం) ఒక్కో యాక్టివిటీ వివరానికి 150 అక్షరాలే. అందుకే అసలు సంగతంతా వ్యాసంలో రాసింది. పేపర్ లేదన్న టెన్షన్ నాకిప్పుడు లేదు. అప్లికేషన్లు పంపేశాం, ఫలితాలు మార్చిలో వస్తాయి. వాగు దగ్గరికి మాత్రం ఇంకా వెళ్తూనే ఉంది.