అమెరికాను కలిపి ఉంచేది బైబిలా, రాజ్యాంగంలోని మొదటి సవరణా?

ఫ్రిస్కో విశ్వాసి:
అందరికీ వందనాలు. మా తెలుగు సంఘంలో ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదన అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. టెక్సాస్‌లో 2025లో ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలని చట్టం చేశారు. అదే ఏడాది షుగర్ ల్యాండ్ అష్టలక్ష్మి ఆలయంలోని 90 అడుగుల హనుమంతుడి విగ్రహం మీద, సెనేట్‌కి పోటీ పడుతున్న ఒక రిపబ్లికన్ నాయకుడు మనది క్రైస్తవ దేశం, ఇదిక్కడ ఎందుకని పోస్ట్ పెట్టాడు. చట్టం వచ్చినందుకు సంతోషించాను. విగ్రహం గురించిన మాట మాత్రం మింగుడు పడలేదు. మా సంఘ పెద్ద ఒకాయన "రెండూ ఒకే చెట్టు కాయలు కదా" అన్నారు. నిజమేనా?

పాల్ కాకినాడ:
కాదు బ్రదర్. విగ్రహం వాళ్ల సొంత స్థలంలో ఉంది, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. పోస్టర్ సంగతి వేరు. ఏ దేశానికైనా ఉమ్మడి పునాది ఒకటి ఉండాలి. 1954లో జాతీయ పతాక ప్రతిజ్ఞలో దేవుడి పేరు చేర్చారు. 1956లో "ఇన్ గాడ్ వి ట్రస్ట్" జాతీయ నినాదం అయింది. అప్పుడు దేశం ఒక్క తాటి మీద ఉండేది. 1962లో సుప్రీంకోర్టు బడుల్లో ప్రార్థన ఆపించిన దగ్గర్నుంచి ఎవరి దారి వారిదే. నీతికున్న ఆధారం తీసేసి ఐక్యత కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాత కాగితాలు:
పాల్ గారూ, 1962 తీర్పు ఆపింది న్యూయార్క్ రాష్ట్ర అధికారులు రాసి బడులకు పంపిన ప్రార్థనను. పిల్లవాడు పరీక్ష ముందు కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. 1954లో దేశం ఒక్క తాటి మీద ఉందా అని, వర్ణవివక్ష నడుస్తున్న ఆనాటి అలబామాలోని నల్లజాతి విశ్వాసిని అడిగి ఉంటే ఏం చెప్పేవాడో మీకు తెలియంది కాదు.

చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసింది నాస్తికులని మన సంఘాల్లో చాలామంది అనుకుంటారు. పోరాడి అడిగినవాళ్లలో ముందున్నది బాప్టిస్టులు. వర్జీనియాలో అప్పట్లో ఆంగ్లికన్ చర్చి ప్రభుత్వ చర్చి. దాని ఖర్చుకు అందరూ పన్ను కట్టాలి. లైసెన్సు లేకుండా బోధిస్తే జైలు. కల్పెపర్ జైల్లో జేమ్స్ ఐర్లాండ్ అనే బోధకుణ్ణి పెడితే ఆయన ఊచల్లోంచే వాక్యం చెప్పాడు. ఆయన రాసుకున్న జీవిత కథ చదివితే ఒళ్లు మండుతుంది. గంధకం, మిరపకాయలు కాల్చి గదిలోకి పొగ పెట్టారట. వినడానికి వచ్చినవాళ్ల మీదికి గుర్రాలు తోలారట. ఇదంతా చేసింది బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవులే! 1774లో, 22 ఏళ్ల వయసులో, తర్వాత ప్రెసిడెంట్ అయిన జేమ్స్ మాడిసన్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, పక్క కౌంటీలో ఐదారుగురు ఇలాగే జైల్లో మగ్గుతున్నారని వాపోయాడు. 1786లో వర్జీనియా మతస్వేచ్ఛ చట్టాన్ని నెగ్గించిందీ, ఆ తర్వాత, ప్రభుత్వం ఏ మతాన్నీ నిలబెట్టకూడదనీ ఎవరి ఆరాధననూ అడ్డుకోకూడదనీ చెప్పే మొదటి సవరణను కాంగ్రెస్ ముందు పెట్టిందీ ఆయనే.

కనెక్టికట్‌లోనూ ఇదే బాధ. అక్కడి డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో అప్పటి ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి మొర పెట్టుకున్నారు. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న మాట, 1802 జనవరి 1న ఆయన వాళ్లకిచ్చిన జవాబులోది. సరిగ్గా ఆ రోజే మసాచుసెట్స్‌లోని చెషైర్ ఊరి తరఫున జాన్ లీలాండ్ అనే బాప్టిస్టు బోధకుడు 1,235 పౌండ్ల చీజ్‌ను ఆయనకి కానుకగా అందించాడు. ఊళ్లో రైతులంతా పాలు పోసి చేసిన ఒకే ఒక్క దిమ్మ అది. అవతలి పార్టీవాళ్ల ఆవుల పాలు చుక్క కూడా కలవనివ్వలేదని చెప్పుకుంటారు. జెఫర్సన్‌ని దైవద్రోహి అని తిట్టిపోస్తున్న రోజులవి. లీలాండ్‌కి అది పట్టలేదు. తన సంఘం జోలికి రాని ప్రెసిడెంట్ అయితే ఆయనకి చాలు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలదీ ఈ వంశమే.

ఇక ఐక్యత అంటారా, బానిసత్వం మీద మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో ఉత్తరం దక్షిణంగా చీలిపోయారు. 1861లో దేశమే అంతర్యుద్ధంలోకి దిగింది. రెండు పక్షాలూ ఒకే బైబిల్ చదువుతున్నాయి, ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తున్నాయి అని 1865లో లింకన్ అన్నాడు.

పాల్ కాకినాడ:
చీల్చినవాళ్ల గురించే చెప్పి, బానిసత్వం పోవాలని పోరాడిన విశ్వాసుల్ని వదిలేస్తే ఎలాగండీ? మార్టిన్ లూథర్ కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే. ఆయన ప్రసంగాల్లోంచి బైబిల్ తీసేస్తే ఏం మిగులుతుంది?

పాత కాగితాలు:
ఏమీ మిగలదు, ఒప్పుకుంటా. కానీ కింగ్ ఆ బలం తెచ్చుకుంది చర్చిలోంచి. ప్రభుత్వం ఆయన్ని బర్మింగ్‌హామ్ జైల్లో పెట్టింది.

సుజాత, న్యూజెర్సీ:
నేను హిందువుని, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు దగ్గర్లోని బాస్కింగ్ రిడ్జ్‌లో మసీదు కడతామని 2012లో దరఖాస్తు పెట్టారు. దాని మీద 39 హియరింగులు జరిగాయి. పైకి గొడవంతా పార్కింగ్ గురించే. చర్చికైతే మూడు సీట్లకి ఒక కారు లెక్క. ఆ లెక్కన 50 చోట్లు చాలు, బోర్డు 107 అడిగింది. చివరికి అనుమతే ఇవ్వలేదు. కేసు కోర్టుకెక్కాక 2016లో మసీదు వైపు నిలబడ్డవాళ్లలో సదరన్ బాప్టిస్టుల మతస్వేచ్ఛ విభాగం కూడా ఉంది! ఆ ఏడాది సెయింట్ లూయిస్‌లో జరిగిన వాళ్ల మహాసభలో ఒక పాస్టర్ లేచి ఇదేం పని అని నిలదీస్తే, ఆ విభాగం అధ్యక్షుడు రస్సెల్ మూర్ ఈరోజు మసీదును ఆపగల ప్రభుత్వం రేపు చర్చినీ ఆపుతుందన్న అర్థంలో జవాబిచ్చారు. సభలో చప్పట్లు పడ్డాయి, బయట మాత్రం రగిలింది. ఆ కేసులో చేయి కలిపిన సదరన్ బాప్టిస్టుల మిషన్ బోర్డు అధ్యక్షుడు మరుసటి ఏడాది క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2017లో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకి రాజీ పడింది.

మావాళ్లకీ ఒక మాట. ఎడిసన్‌లో గుడి కోసం మొదటి సవరణ చదివేవాళ్లే, గుంటూరు జిల్లాలో చర్చి కడుతుంటే వాట్సాప్‌లో కస్సుమంటారు. ఇండియాలో మతస్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం పట్టుకుని, డాలస్‌లో "క్రైస్తవ దేశం" అనే అన్నయ్యలూ నాకు తెలుసు.

ఫ్రిస్కో విశ్వాసి:
ఆ చివరి మాట నాకే తగిలిందక్కా. ఇంకో చిక్కు. పది ఆజ్ఞల్ని కాథలిక్కులు ఒకలా లెక్కపెడతారు, మనం ఇంకోలా. పోస్టర్ మీద ఎవరి లెక్క ఉండాలో శాసనసభ తేల్చిందంటే, అది మతం విషయంలో తీర్పు చెప్పినట్టే కదా? 1844లో ఫిలడెల్ఫియాలో బడిలో ఏ బైబిల్ చదవాలన్న తగవు ముదిరి కాథలిక్ చర్చిలే తగలబడ్డాయి.

పాల్ కాకినాడ:
లెక్క చిన్న విషయం, దాని కోసం నేను పోట్లాడను. పిల్లలు రోజూ "దొంగిలవద్దు" చూస్తే నష్టమేంటో నాకింకా ఎవరూ చెప్పలేదు.

సుజాత, న్యూజెర్సీ:
దాని పైనే "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అని కూడా ఉంటుంది కదండీ. మా అబ్బాయికి ఏడేళ్లు, అన్నీ పైకి చదువుతాడు. అది సరే, మీ ఊళ్లో గుడికి పార్కింగ్ హియరింగ్ పడితే మీరొచ్చి మాట్లాడతారా?

పాల్ కాకినాడ:
వస్తానమ్మా, మా పాస్టర్ గారిని కూడా తీసుకొస్తా. పోస్టర్ విషయంలో మాత్రం నా మాట నాదే.