కో-ఫౌండర్‌గా బావనా, పాత కొలీగ్‌నా? సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో రైతు సరుకు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉంది, అద్దె ఎంతయింది, దాని మీద తీసుకున్న అప్పెంత అన్నీ ఫోన్‌లోనే కనిపించేలా ఒక యాప్ మొదలుపెడుతున్నాను. యార్డు, కమీషన్ ఏజెంట్ల వ్యవహారం నాకు బాగా తెలుసు. కోడింగ్ రాదు.

మా అక్కవాళ్లాయన డబ్బు పెడతానంటున్నారు, కానీ ఉద్యోగం మానరు. అయినా సగం వాటా అడుగుతున్నారు. హైదరాబాద్‌లో నాతో పనిచేసిన ఒకతను మంచి డెవలపర్. డబ్బు పెట్టలేడు గానీ ఉద్యోగం మానేసి వస్తానంటున్నాడు. నా మనసు అతని వైపే ఉంది. సీజన్‌లో అర్ధరాత్రి లారీలు దిగుతున్నప్పుడు యాప్ ఆగిపోతే చూసుకునే మనిషి కావాలి కదా!

అయితే మంచి జీతం వచ్చి మధ్యలో వెళ్లిపోతే ఎలా అని టెన్షన్. అందుకే 4 ఏళ్ల వెస్టింగ్ (అంటే వాటా ఒకేసారి కాకుండా, పనిచేసిన కాలాన్ని బట్టి కొంచెం కొంచెంగా అతని సొంతమవడం), మొదటి ఏడాది నిండకుండా వెళ్తే వాటా ఏమీ ఉండదనే షరతు పెడదామనుకుంటున్నాను. ప్రైవేట్ లిమిటెడ్‌లో షేర్లు మొదట్లోనే అతని పేరున రాసేస్తాం. తర్వాత వెనక్కి తీసుకోవాలంటే షేర్‌హోల్డర్ల ఒప్పందంలో రాస్తే సరిపోతుందా, కంపెనీ ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) కూడా పెట్టాలా? చేసినవాళ్లు చెప్పండి.

ఇంకోటి, బావగారిని కో-ఫౌండర్‌గా కాకుండా చిన్న వాటాతో ఇన్వెస్టర్‌గా ఉండమని అడగాలి. అక్క నొచ్చుకోకుండా ఈ మాట ఎలా చెప్పాలి? మీ ఇళ్లలో ఇలాంటిది ఎవరైనా సర్దుకొచ్చారా?