లెడ్ జెప్పెలిన్ ‘టీ ఫర్ వన్’ ఎందుకు ఎవరికీ పట్టదు?

ప్రశ్న: ఇది బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ 1976 నాటి ‘ప్రెజెన్స్’ ఆల్బమ్‌లో చివరి పాట. వాళ్ల పాత పాట ‘సిన్స్ ఐవ్ బీన్ లవింగ్ యూ’కి నకలని కొట్టిపారేస్తుంటారు. అంతేనా? గిటార్ మీద ఎలా పట్టుకోవాలి?

జవాబు: రెండూ సి మైనర్ స్లో బ్లూసే (నెమ్మదిగా సాగే విషాద బాణీలే), పోలిక అక్కడిదే. కానీ పాత పాటలో సందులన్నీ హామండ్ ఆర్గాన్ నింపేస్తుంది. ఇందులో కీబోర్డే లేదు. గిటారిస్ట్ జిమ్మీ పేజ్ వాయింపు ఆగిన చోట మిగిలే ఖాళీయే దీని ప్రాణం. 1975 కారు ప్రమాదం నుంచి గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఇంకా కోలుకోకముందే మ్యూనిక్‌లో రికార్డు చేశారు. పాటకు మూలమైన, న్యూయార్క్ హోటల్ గదిలో ఆయన పడ్డ ఒంటరితనం గొంతులో తెలిసిపోతుంది.

జవాబు: మొదటి హుషారు రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) కాసేపే. నెమ్మదించాక ప్రతి బీటునూ మూడుగా లెక్కపెట్టండి. 8వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత) దగ్గర సి మైనర్ పెంటటానిక్ (ఐదు స్వరాల వరుస) చాలు. రెండో తీగ 11వ ఫ్రెట్ బెండ్ (తీగను పక్కకు తోసి స్వరం పెంచడం) కచ్చితంగా సి దాకా చేరాలి. ఒక్క వేలితో తోస్తే మధ్యలోనే ఆగి అపస్వరం పలుకుతుంది, మూడు వేళ్లూ కలపండి.

జవాబు: సోలోలో వేగం పెరిగిపోకుండా చూసుకోండి. తొమ్మిదిన్నర నిమిషాల పాటండీ, తొందరపడితే పోతుంది.