బైక్ మీద వచ్చి ఫోన్ లాక్కుంటే ‘పోగొట్టుకున్నారు’ అని పోలీసులు సీఎస్‌ఆర్ (ఫిర్యాదు అందినట్టు రసీదు) ఇచ్చారు, ఇప్పుడేం చేయాలి? (చెన్నై)

నెల్లూరు_వాసు:
మాది నెల్లూరు, ఆరేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. పోయిన గురువారం సాయంత్రం అమ్మ కూరగాయలు తీసుకుని నాతో ఫోన్‌లో మాట్లాడుతూ వస్తుంటే బైక్ మీద వెనక కూర్చున్నవాడు ఫోన్ లాక్కుపోయాడు. నాకు అమ్మ అరుపు, బండి శబ్దం వినిపించాయి, లైన్ కట్ అయిపోయింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి గాజులు పగిలి మణికట్టు కోసుకుపోయి, కొంగు చుట్టుకుని ఓ షాపు మెట్ల మీద కూర్చుని ఉంది. స్టేషన్లో మర్యాదగానే మాట్లాడారు, మంచినీళ్లు ఇచ్చారు, అది కూడా చెప్పాలి. కంప్లయింట్ వాళ్లే తమిళంలో రాశారు, అమ్మ సంతకం పెట్టింది, సీఎస్‌ఆర్ రసీదు ఇచ్చి పంపారు. ఇంటికొచ్చాక పక్కింటావిడతో చదివిస్తే ‘తొలైందు విట్టదు’ అని ఉంది, అంటే ఎక్కడో పోగొట్టుకున్నట్టు! లాక్కున్నారని గానీ గాయమైందని గానీ ఒక్క ముక్క లేదు. మళ్లీ వెళ్తే ఎఫ్‌ఐఆర్ అంటే కోర్టు చుట్టూ తిరగాలి, ఎందుకు సార్ అన్నారు. అమ్మేమో వదిలేయరా అంటోంది.

రైటర్‌గారబ్బాయి:
వదిలేయకండి అన్నా. మా నాన్న స్టేషన్ రైటర్‌గా చేసి రిటైరయ్యారు. నెలనెలా క్రైమ్ మీటింగులో కేసులు ఎందుకు పెరిగాయని ఇన్‌స్పెక్టర్‌ను నిలదీస్తారు, అందుకే కేసు కట్టడానికి వెనకాడతారని చెప్పేవారు. పైవాళ్లు కొలిచే పద్ధతే తప్పు, కింద కానిస్టేబుల్‌ను తిట్టి లాభం లేదు. దేశం మొత్తం నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లోకి వెళ్లేది ఎఫ్‌ఐఆరే, సీఎస్‌ఆర్ కాదు. మీ అమ్మగారి కేసు కట్టకపోతే కాగితం మీద ఆ వీధిలో ఏమీ జరగనట్టే, గస్తీ ఎక్కడ పెంచాలో ఎవరికి తెలుస్తుంది?

మద్రాసు_లాయరమ్మ:
వాసుగారూ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 చూడండి. నోటితో చెప్పింది వాళ్లు రాసుకుంటే చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీ విషయంలో మొదటిదే జరగలేదు, అమ్మగారికి తమిళం చదవడం రాదని తెలిసీ సంతకం పెట్టించారు. స్నాచింగ్‌కు (లాక్కుపోవడానికి) బీఎన్‌ఎస్‌లో, అంటే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టంలో, ప్రత్యేకంగా సెక్షన్ 304 ఉంది, మూడేళ్ల వరకు జైలు. ఇలాంటి నేరం జరిగిందని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని లలిత కుమారి కేసులో 2013లోనే ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. కొత్త చట్టంలో ఎఫ్‌ఐఆర్‌కు ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ అని ఒక వెసులుబాటు ఉంది, కానీ అది మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకే, దానికీ డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి. గాయం సంగతి అసలు వదలొద్దు. ఫోన్ లాక్కోవడానికి కావాలనే గాయం చేశాడని తేలితే దోపిడీ అవుతుంది, శిక్ష పదేళ్ల దాకా వెళ్తుంది, అప్పుడు ఆ 14 రోజుల మాటే రాదు. డాక్టర్ చీటీ జాగ్రత్త. జరిగింది అమ్మగారి మాటల్లో తెలుగులో రాసి, ఇంగ్లిష్ అనువాదం జతచేసి స్టేషన్లో ఇవ్వండి. తీసుకోకపోతే డీసీకి (డిప్యూటీ కమిషనర్) పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్.

తాంబరం_సుజాత:
ముందు ఆ షాపువాళ్ల సీసీటీవీ ఫుటేజ్ అడగండి, చాలా చోట్ల కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది. సిమ్ బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి, పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) కూడా బ్లాక్ చేయొచ్చు. యూపీఐలో డబ్బులు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నెల్లూరు_వాసు:
అందరికీ చాలా థాంక్స్. షాపాయన ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, బండి నంబర్ కనిపించట్లేదు గానీ లాక్కోవడం స్పష్టంగా ఉంది. రాత్రి అమ్మ చెబుతుంటే నేను రాశాను. వదిలేయమన్న మనిషే, చదివి వినిపించాక “గాజుల సంగతి రాయలేదేంరా” అని మళ్లీ రాయించింది. రేపు పొద్దున స్టేషన్‌కు వెళ్తున్నాం, ఏమైందో ఇక్కడే చెప్తాను.