యూత్ గ్రూప్‌లో లోకం పాటలు: బాబుని పంపాలా, మానిపించాలా?

అడిగినవారు:

అందరికీ వందనాలు. మేము ఈ దేశం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న చర్చి యూత్ గ్రూప్‌లో మా బాబుని చేర్పించాం. వాడికి పద్నాలుగేళ్ళు. మొన్న తీసుకురావడానికి కాస్త ముందుగా వెళ్తే హాల్లో పాప్ పాటలు పెద్ద సౌండ్‌తో మోగుతున్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. మా ఇంట్లో లోక సంబంధమైన పాటలు పెట్టం. చర్చిలోనే అవి వినిపించేసరికి చాలా టెన్షన్‌గా ఉంది. బాబేమో "ఇక్కడ అందరికీ ఈ పాటలు వచ్చమ్మా, నాకొక్కడికే రావు" అంటున్నాడు. మానిపించేయమంటారా?

జవాబు:

వందనాలు సిస్టర్. అప్పుడే మానిపించకండి. చాలా ఏళ్ళుగా యూత్ పిల్లల మధ్య పనిచేస్తున్నాను, మీ భయం చిన్నదని నేను అనను. కానీ ఆ పాటలు ఏ సమయంలో పెడుతున్నారో ముందు చూడండి. ఆటల టైంలో ఒక పాట వెనకాల మోగడం వేరు. అదే పాటని ఆరాధనలో పిల్లలంతా కళ్ళు మూసుకుని పాడడం వేరు. వాక్య సందేశానికి ముందు ఒకసారి వినిపించి, దాని గురించి మాట్లాడుకోవడం ఇంకోటి.

ఆరాధన విషయంలో నేను గట్టిగా వద్దంటాను. అక్కడ పాడే ప్రతి మాటా దేవునితో చెప్పే మాట. కెనడా గాయకుడు లెనార్డ్ కోహెన్ 1984లో విడుదల చేసిన 'హల్లెలూయ' పాట చాలా చర్చిల్లో యూత్ పాడుతుంటారు. పల్లవిలో ఉన్న ఆ ఒక్క మాటే కారణం. చరణాలు చదివి చూడండి. దావీదు మేడ మీద నుంచి స్నానం చేస్తున్న స్త్రీని చూడడం, సమ్సోను జుట్టు కత్తిరించడం, రెండూ కలిసిపోయి విరిగిపోయిన ప్రేమ గురించిన పాట అది. మంచి పాటే, ఎంతో బాధ ఉన్న పాట. కానీ పిల్లలు దేవుని ముందు నిలబడి తమ ప్రార్థనగా పాడాల్సింది కాదు.

ఇక్కడ మిమ్మల్ని ఎవరో ఒకరు ఆపి, ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా సారా కొట్టు పాటలకే దేవుని మాటలు కట్టాడు కదా అంటారు. ఆ కథకి ఆధారం లేదు, నమ్మకండి. అయితే బాణీలు అటూ ఇటూ వెళ్ళిన మాట మాత్రం నిజం. హాస్లర్ అనే జర్మన్ సంగీతకారుడు 1601లో అచ్చువేసిన ప్రేమపాట బాణీయే తర్వాత ముళ్ళ కిరీటం పెట్టుకున్న క్రీస్తు శిరస్సు మీద కీర్తనయింది. మరో జర్మన్ సంగీతకారుడు బాఖ్ తన మత్తయి శ్రమల సంగీతంలో దాన్ని మళ్ళీ మళ్ళీ వాడాడు. మన కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి. ఆ రాగాలు చర్చిలో పుట్టినవి కావు కదా! అందుకే డ్రమ్స్ మోగాయనో, బీట్ ఉందనో నేను అభ్యంతరం చెప్పను. నేను చూసేది మాటలనే.

ఇక విని మాట్లాడుకోవడం. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సు వాళ్ళతో మాట్లాడుతూ వాళ్ళ కవులు రాసిన మాటనే ఎత్తుకున్నాడు. మా యూత్‌లో ఒకసారి ఒంటరితనం మీద వచ్చిన పాట ఒకటి వినిపించాం. లిరిక్స్ కాగితం మీద ఇచ్చి, మీకు నిజమనిపించిన లైన్ కింద గీత గీయమన్నాం. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి దాదాపు కాగితమంతా గీసేసింది. ఆ రోజు కూటం అయ్యాక ఒక టీచర్‌తో కూర్చుని చాలాసేపు మాట్లాడింది. అంతకుముందు ఎన్ని వాక్యాలు చెప్పినా ఆ పిల్ల మాకు అందలేదు.

ఆటల టైంలో మోగేవే అసలు చిక్కు, ఎందుకంటే వాటిని ఎవరూ పట్టించుకోరు. యాప్‌లో పాట పక్కన, బూతు మాటలున్నాయని చెప్పే ఇంగ్లీషు 'E' గుర్తు లేకపోతే మంచిదే అనుకుంటారు. 1985లో అమెరికాలో తల్లిదండ్రుల ఒత్తిడితో వచ్చిన హెచ్చరిక లేబుల్‌కి ఇది వారసత్వం. పెట్టాలా వద్దా అన్నది పాట కంపెనీలే నిర్ణయించుకుంటాయి. క్లీన్ వెర్షన్‌లో బూతు మాట తీసేస్తారు, పాట చెప్పే విషయం మాత్రం అలాగే ఉంటుంది. అందుకని ప్లేలిస్ట్‌ని ఎవరో ఒక పెద్దవాళ్ళు మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే.

మీరు ఒక సాయంత్రం ముందుగా చెప్పి వెళ్ళి మొత్తం కూర్చోండి. యూత్ లీడర్‌ని అందరి ముందు కాకుండా విడిగా కలిసి, ప్లేలిస్ట్ ఎవరు ఎంచుతారో అడగండి. ఆ హాల్లో ఇలాంటి పాటలు ఎన్నడూ వినని ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారని చెప్పండి. సాటి విశ్వాసికి అడ్డంకి కావొద్దని చెప్పే రోమీయులకు 14వ అధ్యాయం ఆయనా చదివే ఉంటారు.

మరొకరు:

అక్కా, క్షమించాలి, నేను ఒప్పుకోను. పిల్లలు వారమంతా స్కూల్లో, ఫోన్లో వినేది అవే. ఆ రెండు గంటలైనా వాళ్ళ చెవులకి విశ్రాంతి ఉండొద్దా? లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి అని యోహాను రాయలేదా?

జవాబు:

తమ్ముడూ, ఆ రెండు గంటల మాట నాకూ నచ్చింది. ఆటలప్పుడు పాటలే లేకపోతే నేనేమీ బాధపడను. కానీ వారమంతా వింటున్నవాటి గురించి మాట్లాడడానికి యూత్‌లో కూడా చోటు లేకపోతే, పిల్లలు వాటిని ఒంటరిగానే వింటారు. అది నాకు ఎక్కువ భయం.

సిస్టర్, ఇంకొక్కటి. ఆ పాటలు రావని బాబు చిన్నబుచ్చుకుంటున్నాడు, అది తేలిగ్గా తీసుకోకండి. వాణ్నే రెండు పాటలు తెమ్మనండి, లిరిక్స్ పక్కన పెట్టుకుని ఇద్దరూ చదవండి. మీకు అర్థం కాని ఇంగ్లీషు మాటల్ని వాడినే చెప్పమనండి. లీడర్‌ని కలిశాక ఏమన్నారో ఇక్కడ రాయండి. ప్లేలిస్ట్ చూపించడానికే ఇష్టపడకపోతే అప్పుడు వేరే చర్చి సంగతి మాట్లాడుకుందాం, నాకు తెలిసిన ఒకటి రెండు యూత్ గ్రూపులు ఉన్నాయి.