డీఅడిక్షన్ సెంటర్లో చేర్పిస్తున్నాం, లోపల ఎలా ఉంటుంది?

అడిగింది: తమ్ముడి అక్క

మా తమ్ముడు ఎట్టకేలకు చేరతానన్నాడు. పొద్దున్నే మందు పడకపోతే చేతులు వణుకుతాయి వాడికి. "ఎలాగూ మానేసేదేగా, ఇవాళే ఆపేస్తా" అంటున్నాడు. ఆపనివ్వచ్చా? లోపల కట్టేస్తారని కూడా ఎవరో చెప్పారట, అదో టెన్షన్.

జవాబు: ఉండి వచ్చినవాణ్ణి

ఇంట్లో ఉన్నపళంగా ఆపనివ్వకండి అక్కా. రోజూ బాగా తాగేవాళ్లకు ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదికొస్తుంది. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి. పరువు కోసం తగ్గించి చెబితే ఇచ్చే మాత్రల లెక్క తప్పుతుంది.

నేను చేరినప్పుడు బ్యాగంతా వెతికి సెంటు సీసా, మౌత్‌వాష్ తీసేసుకున్నారు. నవ్వొచ్చింది కానీ రెండింట్లోనూ ఉన్నది ఆల్కహాలే. తర్వాత నర్సు వచ్చి చేతులు చాపి వేళ్లు ఎడంగా పెట్టమంది. కొన్ని గంటలకోసారి అదే పని, అర్ధరాత్రి లేపి మరీ. వణుకు, చెమట, బీపీ చూసి రాసుకునేవాళ్లు. దాన్నిబట్టే వణుకు, ఫిట్స్ అదుపు చేసే డయాజెపామ్ మాత్ర ఇచ్చి, డోసు మెల్లగా తగ్గించారు. విటమిన్ బీ1 ఇంజక్షన్లు సరేసరి.

ఒళ్లు కుదుటపడ్డాకే అసలు గొడవ. ఆకలేస్తుంది, ముఖం తేటపడుతుంది, "నాకేం లేదు, తీసుకెళ్లిపోండి" అని ఫోన్ చేస్తాడు. ఏడుస్తాడు, తిడతాడు, తిండి బాగాలేదంటాడు. నేనూ అంతే, మా అమ్మ "డాక్టరుగారితో మాట్లాడి చెబుతాలే" అని పెట్టేసేది. కౌన్సెలింగ్, గ్రూపులు ఒంటబట్టేది అప్పుడే మరి.

జవాబు: నైట్‌డ్యూటీ నర్సు

పైన చెప్పినవన్నీ నిజమే. కానీ "కొట్టారు, కట్టేశారు" అంటే మాత్రం మారాం అనుకోకండి, వెంటనే వెళ్లండి. అది వైద్యం కాదు. చేర్చేముందే వార్డు చూపించమనండి, రాత్రిళ్లు డాక్టరు ఉంటారా అని అడగండి. చూపించమంటే నసిగితే ఇంకో చోటు చూసుకోండి.

తమ్ముడి అక్క

థాంక్స్ అండీ. ఇంటికొచ్చాక వాడికి తెలియకుండా తిండిలో కలిపే మాత్ర ఏదో ఉందట?

నైట్‌డ్యూటీ నర్సు

డైసల్ఫిరామ్. అలా వద్దే వద్దు. అది వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అతనికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పినట్టు వాడాల్సిన మాత్ర. తాగాలనే యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ లాంటివీ ఉన్నాయి, అతనికి సరిపడతాయేమో డిశ్చార్జికి ముందే అడగండి.